చేతిలో చేట, మిద్దె మీద గాలి

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒత్తిడి అనే మాట మా అత్తగారి ఊరికి ఇంకా చేరలేదు. కరెంటు చేరలేదు, సాగరు కాలవ చేరలేదు, అదీ చేరలేదు. మగవాళ్ళకు చిరాకు ఉండేది, ఆడవాళ్ళకు తలనొప్పి ఉండేది. చిరాకు వస్తే మగవాళ్ళు కండువా భుజాన వేసుకుని బయటికి పోయేవాళ్ళు. తలనొప్పి వస్తే ఆడవాళ్ళు శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని పొయ్యి దగ్గరికి పోయేవాళ్ళు. రెండూ ఒకే జబ్బని చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా వినేవాళ్ళు అసలే లేరు.

పర్చూరుకు కాస్త ఎడంగా నల్లరేగడి మధ్య ఉన్న ఊరు అది. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండ కాస్తే నేల నోరు తెరుస్తుంది. మనుషులూ ఆ నేలలాంటివాళ్ళే, ఏదైనా గట్టిగానే చెబుతారు. మా ఇంట్లో రహస్యం మాట్లాడుకోవాలన్నా రెండిళ్ళ అవతలికి వినబడేది.

మా అత్తయ్య చెడ్డమనిషి కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అత్తగారు అన్న మాట నా నోట్లోంచి రాగానే వినేవాళ్ళు నావైపు జాలిగా చూడటం మొదలుపెడతారు. ఆవిడ నన్ను కొట్టలేదు, నిందలెయ్యలేదు, అన్నానికి లోటు చెయ్యలేదు. పిలిచేది, అంతే. తెల్లారి లేచింది మొదలు "అమ్మాయ్!" అని పిలిచేది. పాలు పొంగుతున్నాయని పిలిచేది, పొంగలేదేమని పిలిచేది. పలికితే "ఎక్కడ చచ్చావే" అని ప్రేమగా అడిగి, ఎందుకు పిలిచిందో మర్చిపోయేది. ఆవిడ ఆపితే మామయ్యగారు మంచినీళ్ళు అడిగేవారు. ఆయన తాగేలోపు ఎవరో చుట్టాలు బండి దిగేవారు. పొద్దు వాలేసరికి నా కణతల మీద ఎవరో పలుపుతాడు కట్టి బిగించినట్టు ఉండేది. ఆ సమయంలో పిల్లి వచ్చి మ్యావ్ అన్నా "వస్తున్నానండీ" అనేదాన్ని.

బయటికెళ్ళి కాసేపు నిలబడొచ్చు కదా అని మీరు అనొచ్చు. అనడం తేలికే. మా ఇళ్ళల్లో ఎవరూ రాసిపెట్టని చట్టం ఒకటి ఉండేది. ఆడది ఖాళీ చేతులతో గడప దాటకూడదు. చేతిలో చెంబు ఉంటే నీళ్ళకు, చీపురు ఉంటే ఊడవడానికి, గంప ఉంటే పేడకు. ఏమీ లేకపోతే మాత్రం ఎదురింటి ఆవిడ దగ్గర్నుంచి మన ఇంటి పాలేరు దాకా ప్రతివాళ్ళూ "ఎక్కడికమ్మాయ్?" అని అడిగేవాళ్ళు. చేట ఉంటే ఎవరూ అడగరు. చేట పట్టుకుని ఆడది మద్రాసు దాకా నడిచి వెళ్ళినా, ఎక్కడో కందులు చెరగడానికి పోతోంది కాబోలు అనుకుని ఊరుకునేవాళ్ళు.

మగవాళ్ళకు ఈ బాధ లేదు. మామయ్యగారు పొద్దున కాఫీ తాగి వీధరుగు మీద కూర్చుంటే భోజనానికి లేచేవారు. ఈలోగా ఊరి పెద్దలంతా అక్కడ చేరి, సాగరు నీళ్ళు వస్తే ఎవరి చేలో ఏం వెయ్యాలో తేల్చేవారు. నీళ్ళు ఎన్నటికి వస్తాయో దేవుడికే తెలియాలి. కానీ వచ్చాక కాలవగట్టు మీద నడిచే హక్కు ఎవరిదన్న దాని మీద అప్పుడే ఇద్దరికి మాటల్లేవు. దీన్ని పని అనేవారు. మా ఆయన మిరపకాయల లారీతో గుంటూరు వెళ్ళేవారు. సరుకు పొద్దున్నే దిగిపోయేది, ఆయన మాత్రం మర్నాడు దిగేవారు. ఈ మధ్యలో ఏం చేశారని ఎవరూ అడగలేదు. వచ్చాక మొహం కళకళలాడుతుంటే "పాపం, తిరిగి తిరిగి అలిసిపోయాడు" అని అత్తయ్య వేణ్ణీళ్ళు పెట్టించేది. నీళ్ళు పెట్టేది నేనే అనుకోండి.

నాకు దారి చూపించింది మిరపకాయ.

చేలో కోసిన కాయంతా ఊరి బయట కల్లంలో ఆరుతుంది. ఇంటి కారానికీ, విత్తనానికీ ఏరిపెట్టిన మంచి కాయ మాత్రం మిద్దె మీదికి వస్తుంది. పొద్దున పరచాలి. మధ్యమధ్యలో కాలితో తిరగెయ్యాలి. రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఏరి చేటలో పోసుకోవాలి. పొద్దు వాలుతుంటే కుప్పచేసి, మంచు పడకుండా గోనెలు కప్పాలి. ఇంట్లో ఇంతకన్నా వెగటైన పని లేదు గనక దాన్ని కొత్తకోడలికి అప్పజెప్పారు.

మొదటి వారం నా ముక్కూ కళ్ళూ ఏకధారగా కారాయి. తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే అత్తింటికంటే మిరపకాయల ఘాటుకే తొందరగా అలవాటుపడ్డాను. మిగతావాళ్ళకు అలవాటు లేదు. మెట్లు సగం ఎక్కేసరికి తుమ్ములు మొదలయ్యేవి. పైమెట్టు చేరేసరికి కళ్ళు తెరవలేకపోయేవాళ్ళు. మా ఆయన ఒకసారి ఎవరూ చూడకుండా పలకరిద్దామని పైకొచ్చి, "ఏమోయ్" అనబోయి "ఏ" దగ్గరే తుమ్ముకుని దిగిపోయారు. అత్తయ్య మోకాళ్ళ నొప్పులొచ్చాక మెట్ల జోలికే రావడం మానేసింది. చేను చుట్టూ ముళ్ళకంప వేసినట్టు నా చుట్టూ మిరపకాయలు కాపలా. ఊళ్ళో ఏ కోడలికీ లేనంత స్వతంత్రం నాకు దొరికింది, అదీ పని పేరు మీద.

అక్కడ ఏం చేసేదాన్నంటే, కాయలు గబగబా తిరగేసేదాన్ని. తర్వాత పిట్టగోడకు ఆనుకుని, చేట ఒళ్ళో పెట్టుకుని, ఏమీ చేసేదాన్ని కాదు. చుట్టుపక్కల మిద్దెలన్నీ ఎర్రగా ఉండేవి. వాటి అవతల పత్తిచేలు పగిలి తెల్లగా ఉండేవి. ఎవరి ఇంట్లోనో కవ్వం చప్పుడు, ఎక్కడో బండి కీచుమనడం. సాయంత్రంపూట సముద్రం వైపు నుంచి పైరగాలి వచ్చి మెడ మీద చెమట ఆర్చేది. ఇదంతా ఎంతసేపు? ఎసరు మరిగేంతసేపు. అంతకంటే ఎక్కువ కూర్చుంటే కింద అన్నం మాడుతుంది. అయితేనేం, ఆ కాసేపట్లోనే కణతల దగ్గర పలుపుతాడు వదులయ్యేది. కిందికి దిగాక "అమ్మాయ్" అన్న పిలుపు మళ్ళీ మామూలు పిలుపులా వినబడేది.

హాస్యానికి చెప్పడం లేదు. ఆ ఎసరు మరిగేంతసేపు గనక లేకపోతే నేను ఏదో ఒక రోజు చుట్టాల మధ్య నిలబడి గట్టిగా ఒక్క అరుపు అరిచి ఉండేదాన్ని. ఆ అరుపు గొంతులో తయారుగా ఉండటం నాకు తెలుస్తూనే ఉండేది. పిచ్చి పట్టిందని పుట్టింటికి పంపేసేవాళ్ళు. అలా పంపేసినవాళ్ళ సంగతులు విన్నాను. అందుకే మిద్దె మెట్లంటే నాకు దేవుడి గుడి మెట్లకంటే భక్తి.

పట్టుబడ్డ రోజు బాగా గుర్తు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికి చుట్టాలు దిగారు. అత్తయ్య పిలిచిందట, నాకు వినపడలేదు. మళ్ళీ పిలిచిందట. చివరికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, తనే మెట్లెక్కింది. నేను కాళ్ళు చాపుకుని, తల వెనక్కి వాల్చి, ఎండ మొహాన పడుతుంటే కళ్ళు మూసుకుని ఉన్నాను. నోరు కూడా కాస్త తెరుచుకుని ఉందట. ఒళ్ళో చేట ఉంది గానీ చేటలో ఒక్క తాలుకాయ లేదు.

"అయ్యో! అయ్యయ్యో! అమ్మాయికి వడదెబ్బ తగిలిందిరో! ఎవరన్నా రండిరో!"

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అత్తయ్య, ఆవిడ వెనక తుమ్ముతున్న చుట్టాలు. వడదెబ్బ కాదని చెబుదామనుకున్నాను. కాదంటే, మరి ఏం చేస్తున్నావన్న ప్రశ్న వస్తుంది. ఒంట్లో బాగుండి, కింద మనుషులు కూర్చుని ఉండి, చెయ్యడానికి పని ఉండి, నేను ఇలా కూర్చున్నానని ఏ నోటితో చెప్పను? దానికంటే వడదెబ్బే గౌరవంగా కనిపించింది. కళ్ళు మళ్ళీ మూసుకుని, తల కాస్త పక్కకు వాల్చాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. ఆ ఏడు శివరాత్రి ఇంకా రానేలేదు. పొద్దుటిపూట జనం దుప్పట్లు కప్పుకుని తిరుగుతున్నారు. ఆ చలిలో వడదెబ్బ తిన్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. ఎవరికీ అనుమానం రాలేదు. కోడలు పనిచేస్తూ పడిపోయిందంటే నమ్ముతారు, కోడలు కూర్చుందంటే నమ్మరు.

మామయ్యగారు అరుగు మీదనుంచి లేచి వచ్చారు. అంతటి మనిషి నా కోసం సాగరు కాలవను మధ్యలో వదిలేసి వచ్చారంటే ఎంత ప్రేమో చూడండి.

"పిల్లని ఎండకి చంపేస్తారా ఏంది? రేపట్నించి మిద్దె మీద పనికి కూలిమనిషిని పెట్టండి. అమ్మాయి గడప దాటడానికి వీల్లేదు. ఎండపొడ తగలకూడదు, చెబుతున్నా!"

ఊరంతా మెచ్చుకుంది. ఎంత మంచి అత్తమామలే, పెట్టి పుట్టావే అని వచ్చినవాళ్ళంతా నా మంచం పక్కన కూర్చుని చెప్పారు. నన్ను నడిమింటి చీకటిగదిలో పడుకోబెట్టి, కిటికీ మూసి, మాడుకు ఆముదం పెట్టారు. సబ్జా నీళ్ళు తాగించారు, మజ్జిగ తాగించారు, మళ్ళీ సబ్జా నీళ్ళు తాగించారు. పని మాత్రం మానిపించారని అనుకోకండి. బయటి పని మానిపించారు. పొయ్యి దగ్గర ఎండ ఉండదు కదా, అది చెయ్యొచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

అప్పుడు మొదలైంది నాకు అసలైన తలనొప్పి. పొద్దున కళ్ళు తెరవక ముందే వచ్చి కూర్చునేది. పైన కూలిమనిషి అడుగుల చప్పుడు కప్పులోంచి వినబడేది. కాసేపు అటూ ఇటూ తిరిగేది, తర్వాత చప్పుడు ఆగిపోయేది. ఆగినంతసేపూ ఆ మనిషి ఎక్కడ ఆనుకుని కూర్చుందో, గాలి ఏ వైపు నుంచి వస్తోందో నాకు తెలుసు. అసూయతో నా తల ఇంకాస్త పగిలిపోయేది. అంత అసూయ నేను నగలను చూసి కూడా ఎప్పుడూ పడలేదు.

తగ్గకపోయేసరికి దిష్టి అన్నారు. గుప్పెడు ఉప్పు, గుప్పెడు ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేశారు. దిష్టి తగిలిన మనిషికి తిప్పితే మిరపకాయలు కాలినా ఘాటు రాదని శాస్త్రం. మిగతా ఊళ్ళల్లో ఏమో గానీ, మిరప పండే ఊళ్ళో, అదీ విత్తనానికని ఏరిపెట్టిన కాయతో, ఈ శాస్త్రం పనిచేస్తుందా? ఇల్లు ఇల్లంతా దగ్గింది. ఎదురిల్లు దగ్గింది. అరుగు మీద పెద్దలు కండువాలు మూతికి కట్టుకుని వీధిలోకి పరిగెత్తారు. దిష్టి లేదని తేలిపోయింది. నా తలనొప్పి రెట్టింపయిందని కూడా తేలింది, కానీ అది శాస్త్రంలో లేదు.

చివరికి డాక్టరుగారికి కబురుపెట్టారు. సైకిలు మీద వచ్చి, నాలుక చూసి, చెయ్యి పట్టుకుని చూసి, గది చుట్టూ చూసి, ముక్కు చిట్లించుకున్నారు.

"జబ్బేమీ కనపళ్ళేదండీ. రోజూ సాయంత్రం కాసేపు ఆరుబయట కూర్చోనివ్వండి. గాలి తగలాలి. ఆ కాసేపూ పని చెప్పకండి, చాలు."

మంచం మీద నేను దణ్ణం పెట్టబోయాను. మామయ్యగారి మొహం మాత్రం చిన్నబోయింది.

"బయటంటే ఎక్కడండీ?"

"ఎక్కడైనా సరేనండీ. మీ మిద్దె మీద కూర్చోబెట్టండి. అరుగు మీద కూర్చోబెట్టండి."

"అరుగు మీదా? మా కోడల్నా?" మామయ్యగారు నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేకపోయారు. "వీధిన పొయ్యేవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటారు? మీరు చదువుకున్నారు, మీకు తెలీదేముంది. మరేదన్నా చెప్పండి."

డాక్టరుగారికి ఇంకో ఊరు వెళ్ళాల్సిన తొందర ఉంది. సంచీ మూస్తూ, "పోనీ సముద్రపు గాలైతే మరీ మంచిది" అన్నారు. వదిలించుకోవడానికి అన్న మాటేనని నాకు అర్థమైంది. మామయ్యగారి మొహం మాత్రం వెలిగిపోయింది. మిద్దె మీది గాలి ఎవరికైనా తగులుతుంది. చీరాల పక్కన వాడరేవు సముద్రమంటే దానికో పరువుంది.

మర్నాటినుంచి ఇల్లంతా ప్రయాణం హడావుడి. జబ్బుమనిషి వెంట మా ఆయన వస్తే సరిపోతుంది కదా అని మీరు అనుకుంటారు. అది మీకు మా వాళ్ళు తెలియక. సముద్రపు గాలి ఒంటికి మంచిదని డాక్టరే చెప్పాక అందరికీ ఒళ్ళున్నాయి కదా. అత్తయ్యకు మోకాళ్ళున్నాయి. మామయ్యగారికి ఆయాసం ఉంది. ఆడపడుచులు పిల్లల్ని వేసుకుని వచ్చారు, పిల్లలకు పొడిదగ్గు ఉందట. వండుకోవడానికి గిన్నెలు, పచ్చళ్ళ జాడీలు, నూరుకోవడానికి ఒక చిన్న రోలు కూడా బండెక్కాయి. బండ్లు వరసగా సాగుతుంటే దారిలో వాళ్ళు "పెళ్ళెక్కడండీ?" అని అడిగారు. చీరాలలో దిగి నేతచీరలు చూశారు. పొద్దెక్కుతోందని మా ఆయన గొణిగితే, "గాలి ఎక్కడికి పోతుందిరా, అక్కడే ఉంటుంది" అని అత్తయ్య ఇంకో చీర మడత విప్పించింది.

సముద్రం కనబడగానే అందరూ ఒక్క క్షణం మాట్లాడటం ఆపారు. అది నిజంగా గొప్ప సంగతే. తర్వాత మామయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని, ఆ చివర్నించి ఈ చివరిదాకా చూసి, "ఇన్ని నీళ్ళుండి ఏం లాభం, ఒక్క ఎకరం తడవదు" అన్నారు. ఆయనతో కూడా వచ్చిన బావగారొకరు తల ఊపి, ఉప్పు లేకపోతే ఇక్కడ మిరప ఎంత బాగా వచ్చేదో చెప్పడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు. అరుగు అక్కడికి కూడా వచ్చేసింది.

పొయ్యి కూడా వచ్చింది. పడవల పక్కన, చేపలు ఎండబెట్టిన చోటికి కాస్త దూరంగా రాళ్ళు పెట్టి వెలిగించారు. వెలిగించింది ఎవరో మీరు కనిపెట్టే ఉంటారు. ఇంట్లో పొగ ఒక దిక్కుకు పోతుంది. అక్కడ ఎటు తిరిగి కూర్చున్నా నా మొహానికే వచ్చింది. డాక్టరుగారు పని చెప్పొద్దన్న సంగతి ఎవరూ మర్చిపోలేదు. అందుకే ప్రతివాళ్ళూ "డాక్టరు వద్దన్నాడనుకో, అయినా నీ చేతి పులుసు నీదేనమ్మా" అని తీపిగా మొదలుపెట్టి చేపలు ముందు పోశారు. చేపలు తోముతూ నేను సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాను.

తిన్నాక వైద్యం మొదలైంది. నన్ను తీసుకెళ్ళి నీళ్ళకు ఎదురుగా చాప మీద కూర్చోబెట్టారు. అంతలో మాతో వచ్చిన మామయ్యగారి చెల్లెలికి అనుమానం వచ్చింది. ఇంత గాలి ఒక్కసారిగా చెవుల్లోకి దూరితే తలలో నిలిచిపోదూ? నిజమే కదా అన్నారు అందరూ. వెంటనే నా చెవుల్లో దూది కుక్కారు. మా చేలో పండిన పత్తే. దాని మీదనుంచి తుండుగుడ్డ తలకు చుట్టి గడ్డం కింద ముడేశారు. గాలి కోసం బండ్లు కట్టుకుని వచ్చి, గాలి దూరకుండా నన్ను మూట కట్టి, ఇక గాలి పీల్చుకోమని చుట్టూ నిలబడ్డారు.

మామయ్యగారు వంగి ఏదో అడిగారు. నాకు వినపడలేదు. పెదాలను బట్టి "తగుల్తోందా అమ్మాయ్?" అనుంటారనుకుని "తగుల్తోందండీ మావయ్యగారూ" అని అరిచాను. దూది వల్ల గొంతు ఎంత పెంచానో తెలియలేదు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. అందరి మొహాలూ నా మొహం మీదే ఉన్నాయి, కుంపటి మీద పాలు ఎప్పుడు పొంగుతాయా అని చూస్తున్నట్టు. సముద్రం మీద నాకు కోపం లేదు. దాని పని అది చేసింది. అంతమంది కాపలా ఉంటే ఏ గాలైనా ఏం చేస్తుంది?

తిరుగుదారిలో బండి కుదుపులకు నా తల రెండు చెక్కలైంది. ఇంటికొచ్చాక మామయ్యగారు అరుగు మీద కూర్చుని, "మా కోడలికి సముద్రపు గాలి పట్టించుకొచ్చాం" అని ఊరందరికీ చెప్పారు. అది విన్నాక ఆ ఎండాకాలం ఇంకా కొన్ని ఇళ్ళల్లో కోడళ్ళకు తలనొప్పులొచ్చాయి, బండ్లు కట్టారు. నా వైద్యం పూర్తయిందని మా ఇంట్లో తీర్మానించారు. ఇకమీదట తలనొప్పి అంటే, అంత దూరం తీసుకెళ్ళి తెచ్చినందుకు కృతఘ్నత అన్నమాట. నేను నోరు మూసుకున్నాను. గొంతులో అరుపు మాత్రం రోజురోజుకూ పైకి వస్తోంది. ఒక సాయంత్రం వంటింట్లో ఒక్కదాన్నే ఉండి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నిజంగానే అరిచాను. చప్పుడు బయటికి రాలేదు. నాకు చాలా భయం వేసింది.

ఉగాది ముందు మిద్దె మీది కాయ బాగా ఎండిందని బస్తాలకెత్తి కిందికి దించేశారు. కూలిమనిషి కూడా వెళ్ళిపోయింది. పైన ఇక తిరగెయ్యడానికి, ఏరడానికి, కప్పడానికి ఏమీ లేదు. అంటే నా ఆరోగ్యం కుదుటపడినా పైకి వెళ్ళడానికి ఇక నాకు దారి లేదు, మళ్ళీ పంట వచ్చేదాకా.

ఆ సాయంత్రమే జరిగింది ఇది. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. అత్తయ్య పెరటి వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పైరగాలి మొదలై గోడ మీద ఆరేసిన చీర అంచు కొట్టుకుంటోంది. నేను లేచాను. అలవాటుగా చెయ్యి గోడకున్న చేట వైపు వెళ్ళింది. తీసుకోలేదు. ధైర్యం అనుకోకండి, ఒళ్ళు మంట. ఇంతమంది ఇన్ని చేసి, నీకేం కావాలన్న ఒక్క మాట అడగలేదన్న మంట. ఖాళీ చేతులతో మెట్ల దాకా వెళ్ళాను.

"ఎక్కడికే అమ్మాయ్?"

"మిద్దె మీదికి అత్తయ్యా."

"కాయ దించేశారుగా?"

"దించేశారు."

"మరి ఏం పనే?"

"పనేం లేదు. ఊరికే."

ఆవిడ ఏమంటే ఏమనాలో మనసులో సిద్ధం చేసుకున్నాను. కాపురానికి వచ్చినప్పటినుంచీ దాచుకున్నవన్నీ ఉన్నాయి. పుట్టింటికి పంపితే పంపనీ అనుకున్నాను. ఆవిడ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. కోప్పడలేదు. కాసేపు నన్నే చూసి, గొంతు తగ్గించి అడిగింది. ఆవిడ గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం.

"అట్టా చెప్పి పోవచ్చటే?"

వెటకారం అనుకున్నాను. మొహం చూస్తే వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది. నా దగ్గర సిద్ధంగా ఉన్నదల్లా కోపమే. తల ఊపి మెట్లెక్కేశాను.

పిట్టగోడకు ఆనుకుని ఇంకా కాళ్ళు చాపుకోకముందే మెట్ల మీద చప్పుడైంది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, మూలిగి, అత్తయ్య పైకొచ్చింది. ఆయాసపడుతూ నా పక్కన చతికిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, గాలి వచ్చే వైపు తిరిగి కూర్చుంది. నన్ను పిలవకుండా ఆవిడ అంతసేపు ఉండగలదని నాకు తెలియదు.

"నేనీ ఇంటికొచ్చేనాటికి నీకన్నా చిన్నదాన్నే," అంది చివరికి. "ఈ మిద్దె ఎన్నిసార్లు ఊడ్చానో నాకే తెలీదు. పొద్దున ఊడ్చేదాన్ని, మళ్ళీ సందేళ ఊడ్చేదాన్ని. మా అత్త అందరికీ చెప్పుకునేది, మా కోడలికి శుభ్రం ఎక్కువని."

"అంత దుమ్ము ఉండేదా అత్తయ్యా?"

"దుమ్మెక్కడిదే," అంది.

ఇన్నాళ్ళూ నన్ను పిలిచి పిలిచి చంపిన మనిషి మీద జాలి పుట్టడం నాకు ఇష్టం లేదు. పుట్టింది. కింద మెట్ల దగ్గర మామయ్యగారి గొంతు వినబడింది.

"ఏమేవ్! ఎక్కడున్నావ్? పైనా? ఏం చేస్తున్నావక్కడ?"

అత్తయ్య ఉలిక్కిపడి నావైపు చూసింది. నేను ఆవిడ మొహంలోకే చూస్తున్నాను. ఊరికేనని చెప్పండి అత్తయ్యా అని కళ్ళతోనే బతిమాలాను. అంత చిన్న మాట. ఆవిడ నోరు తెరిచింది. పెదవి కదిలింది కూడా.

"మిద్దె ఊడుస్తున్నానండీ!"

"సరే సరే," అంటూ ఆయన వెళ్ళిపోయారు. చీపురు కింద పెరట్లో ఉంది. మిద్దె మీద మేమిద్దరం తప్ప ఇంకేమీ లేదు. అత్తయ్య తల వంచుకుని, కూర్చున్న చోటినుంచే చెయ్యి చాపి, తన పక్కన నేలను అరచేత్తో తుడిచింది. ఆగి, మళ్ళీ ఒకసారి తుడిచింది, చెప్పిన మాట మరీ అబద్ధం కాకుండా. తర్వాత చెయ్యి దులుపుకుని, గాలి వైపు మొహం తిప్పుకుంది.